క్షౌరశాల కుర్చీకి జీర్ణోద్ధరణ

జీర్ణోద్ధరణ అనే మాటను మనం సాధారణంగా దేవాలయాల విషయంలోనే వింటూ ఉంటాం. బీటలు వారిన గోపురాన్నో, కుంగిన మండపాన్నో పూర్వస్థితికి తెచ్చిన దాతలను మన శాసనాలు ఎంతగానో కీర్తించాయి. జీర్ణమంటే శిథిలమైనది, ఉద్ధరణమంటే పైకి ఎత్తడం. ఆలయానికీ, చెరువుకూ, తాళపత్ర గ్రంథానికీ వర్తించే ఈ మాట మంగలి దుకాణంలోని కుర్చీకి కూడా వర్తిస్తుందా అని సందేహం కలగవచ్చు. కూర్చున్న మనిషిని పైకి ఎత్తడమే ఆ కుర్చీ చేసే పని కనుక, ఈ మాట దానికి మరింత చక్కగా అతుకుతుంది. సుమారు నూరేళ్ళ క్రితం అమెరికాలో తయారైన క్షౌరశాల కుర్చీలను నేడు కొందరు శ్రద్ధతో బాగుచేస్తున్నారు. వారు ఆ పనిని ఎలా చేస్తారో, ఆ పనిలో వారిని అడుగడుగునా వేధించే ప్రశ్న ఏమిటో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

ముందుగా అటువంటి కుర్చీ అవసరం ఎందుకు కలిగిందో గ్రహించాలి. ఈనాడు గడ్డం గీసుకోవడం ఎవరికి వారు ఇంట్లో చేసుకొనే పని. పందొమ్మిదవ శతాబ్దంలో అలా కాదు. మడతకత్తిని సాన మీద నూరి, తోలుపట్టా మీద పదును తేర్చి, మరొకరి కంఠం మీద నడపడం నేర్పరులు మాత్రమే చేయగల పని. అందుచేత పట్టణవాసులు చాలామంది తరచుగా క్షౌరశాలకు వెళ్ళేవారు. గడ్డం గీసేటప్పుడు తల వెనుకకు వాలి కదలకుండా ఉండాలి. జుట్టు కత్తిరించేటప్పుడు నిటారుగా ఉండాలి. కూర్చున్నవాడు పొడగరి అయినా పొట్టివాడైనా అతని ముఖం క్షురకుని చేతి ఎత్తుకు రావాలి. మామూలు కుర్చీ అయితే ప్రతిసారీ క్షురకుడే వంగవలసి వస్తుంది. రోజంతా నిలబడి పనిచేసే మనిషి నడుము ఏమవుతుందో ఊహించుకోవచ్చు. మన పల్లెలలో నాయీబ్రాహ్మణుడు పొదిని చంకన పెట్టుకొని ఇంటింటికీ వెళ్ళి, అరుగు మీదనో చెట్టు నీడనో పీట వేయించి, తాను గొంతుకూర్చొని పని ముగించేవాడు. కుర్చీ, అద్దం గల దుకాణాలు వచ్చాక అతనికి నిలబడి పనిచేసే వీలు కలిగింది. అంతకంటె ముఖ్యంగా, అతడు ఇతరుల వాకిట నిలబడడం తగ్గి, ఇతరులు అతని వాకిటికి రావడం మొదలైంది. వచ్చినవారి సుఖం కోసమే ఈ కుర్చీని చేశారని అందరూ అనుకుంటారు. నా దృష్టిలో మాత్రం అది క్షురకుని వెన్నెముక కోసం పుట్టిన సాధనం.

అమెరికాలోని రాచెస్టర్ నగరానికి చెందిన ఆర్చర్ సంస్థ 1878లో క్షురకుల కోసం సర్దుబాటు చేయదగిన కుర్చీని విపణిలోకి తెచ్చింది. షికాగోలో థియోడర్ కోక్స్, సిన్సినాటిలో యూజీన్ బెర్నింగ్‌హౌస్ వంటివారు దానికి మెరుగులు దిద్దారు. కాళ్ళపీటను కుర్చీకే అతకడం, పీఠం మీద కుర్చీ గుండ్రంగా తిరగడం వంటి సౌకర్యాలు ఆ కాలంలోనే ఏర్పడ్డాయి. అయితే ఈ చరిత్రలో పెద్ద మలుపు తెచ్చినవాడు సెయింట్ లూయిస్ నగరంలో స్థిరపడిన ఎర్నెస్ట్ కోకెన్. జర్మనీలో పుట్టిన ఈయన సబ్బు నురుగు కలుపుకొనే పింగాణీ పాత్రల మీద పేర్లు, బొమ్మలు చిత్రించే పనితో ఈ వ్యాపారంలో ప్రవేశించాడు. ఆనాటి క్షౌరశాలలలో నిత్యం వచ్చేవారికి ఎవరి పాత్ర వారికి ఉండేది. పాత్రల నుండి కుర్చీల వైపు మళ్ళిన కోకెన్ 1890ల తొలినాళ్ళలో నూనె పీడనంతో పైకి లేచే కుర్చీని రూపొందించాడు. తరువాత ప్రక్కనున్న ఒకే మీటతో కుర్చీని ఎత్తడానికి, దించడానికి, వాల్చడానికి, తిరగకుండా బిగించడానికి వీలు కల్పించాడు.

భౌతికశాస్త్రం చదివినవారికి ఈ కుర్చీ పనిచేసే తీరు వెంటనే బోధపడుతుంది. ద్రవం మీద ఒకచోట కలిగించిన పీడనం అన్నివైపులకూ సమానంగా ప్రసరిస్తుందన్న పాస్కల్ సూత్రమే దీనికి ఆధారం. పీఠం లోపల నూనె నిలువ ఉండే గది, దాని నడుమ ఒక సిలిండరు, అందులో కుర్చీ బరువును మోసే పిస్టన్ ఉంటాయి. మీటను ఆడించిన ప్రతిసారీ ఒక చిన్న పంపు కొద్దిపాటి నూనెను ఏకముఖ కవాటం గుండా పిస్టన్ క్రిందికి నెడుతుంది. లోపలికి పోయిన నూనె వెనుకకు రాలేదు కనుక కుర్చీ అంగుళం, అరంగుళం చొప్పున పైకి లేచి అక్కడే నిలుస్తుంది. దించవలసినప్పుడు మరొక కవాటాన్ని తెరిస్తే, కూర్చున్నవాని బరువుకే నూనె సన్నని దారి గుండా మెల్లగా గదిలోకి తిరిగి వస్తుంది. ఆ దారి సన్నగా ఉండడం వల్లనే కుర్చీ దభాలున పడకుండా హుందాగా దిగుతుంది.

ఇంతటి వైభవం తగ్గడానికి కారణం ఒక చిన్న రేకు. 1901లో స్థాపితమైన జిల్లెట్ సంస్థ బ్లేడు మార్చుకొనే రేజరును తెచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా ప్రభుత్వం వాటిని లక్షల సంఖ్యలో సైనికులకు పంచింది. గడ్డం ఇంట్లోనే గీసుకోవడం అలవాటైన ఆ యువకులు తిరిగి వచ్చాక క్షౌరశాలకు జుట్టు కోసం మాత్రమే వెళ్ళారు. 1960లలో పొడుగు జుట్టు వేషం కావడంతో ఆ రాబడి కూడా సన్నగిల్లింది. 1921లో ఒసాకాలో పోతపని కర్మాగారంగా మొదలైన జపాన్ సంస్థ తకారా బెల్మాంట్, 1970 ప్రాంతంలో కోకెన్ సంస్థను కొనుగోలు చేసింది. మూతపడిన దుకాణాలలోని పాత కుర్చీలు కొన్ని ఇనుము ధరకు తూకానికి పోయాయి. కొన్నింటిని మోయడానికి విసుగు చెంది నేలమాళిగలలో వదిలివేశారు. ఒక్కొక్కటి వంద కిలోలకు మించి బరువు ఉంటుంది. చాలా కుర్చీలకు ఆ మోయలేని బరువే రక్ష అయింది.

అలా మిగిలిన కుర్చీ ఒకటి చేతికి వచ్చిందనుకుందాం. దాని పింగాణీ పూత పెచ్చులు ఊడింది, తోలు చిరిగింది, క్రింద నేల మీద నూనె మరక ఉంది. మీటను ఎంత ఆడించినా కుర్చీ కదలదు. అనుభవం లేనివాడు వెంటనే ఉప్పుకాగితం అందుకుంటాడు. తెలిసినవాడు మాత్రం కొన్నాళ్ళు దానిని చూస్తూ కూర్చుంటాడు. ప్రాచీన కావ్యాన్ని పరిష్కరించే పండితుడు కూడా ముందు ప్రతిని దిద్దడు, చదువుతాడు. కవి మాట ఏదో, లేఖకుని పొరపాటు ఏదో, తరువాతివారి చేర్పు ఏదో విడదీసుకున్న తరువాతనే కలం పడతాడు. కుర్చీలో కూడా ఇటువంటి పాఠభేదాలు ఉంటాయి. కాళ్ళపీట మీద పోతలోనే తయారీదారు పేరు కనిపించవచ్చు. చెక్కడపు పని గల ఓక్ కర్ర చట్రమైతే అది చాలావరకు పందొమ్మిదవ శతాబ్ది చివరి కాలపుది. తెల్లని పింగాణీ పూత గల ఇనుప పీఠమైతే, పరిశుభ్రతకు తెలుపు గుర్తుగా మారిన ఇరవయ్యవ శతాబ్ది ఆరంభానిది. లోహపు మెరుపులో కొంచెం పసుపు ఛాయ ఉంటే నికెల్, చల్లని నీలిఛాయ ఉంటే క్రోమియం. క్రోమియం పూత వాణిజ్యపరంగా వాడుకలోకి వచ్చింది 1920ల నడిమి కాలంలో. అన్నిటికంటె నమ్మకమైన సాక్షి మరమేకు తల. దాని మీద ఒకే గాడి కాక ప్లస్ గుర్తు ఉంటే, ఆ మేకు 1930ల నడిమి కాలానికి ముందుది కాజాలదు. 1905 నాటి కుర్చీలో అది కనిపిస్తే ఎవరో తరువాత చేయి పెట్టారన్నమాట. దానిని ప్రక్షిప్తమని అనవచ్చు.

విడదీసే ముందు ప్రతి భాగాన్నీ అన్నివైపుల నుండీ ఫోటో తీసుకోవాలి. తీసిన ప్రతి మరమేకునూ దాని స్థానం వ్రాసిన సంచిలో వేయాలి. తుప్పుపట్టి కదలని మరను బలంతో త్రిప్పితే తల తెగిపోతుంది. కాబట్టి పలుచని నూనె వేసి, ఒకటి రెండు రోజులు వేచి ఉండి, అవసరమైతే కొద్దిగా వేడి చేసి త్రిప్పుతారు. తెగిపోయిన మరను డ్రిల్లుతో తొలచి తీయడానికి పట్టే కాలంతో పోలిస్తే ఆ రెండు రోజులు ఒక లెక్క కాదు. కుర్చీ పైభాగాన్ని పీఠం నుండి ఎత్తడానికి ఇద్దరు ముగ్గురు మనుషులు కావాలి. ఒంటరిగా ప్రయత్నించి వ్రేళ్ళు నలగగొట్టుకొన్నవారు ఉన్నారు.

పీఠం విప్పినప్పుడు లోపల నల్లని జిగురులా మారిన పాత నూనె కనబడుతుంది. ఏళ్ళ తరబడి చేరిన దుమ్ము, లోహపు రజను, నీటి చెమ్మ కలిసి అలా గడ్డకడతాయి. దానిని పూర్తిగా కడిగి కవాటాల గుంటలను శుభ్రం చేస్తే, చాలా పంపులు సగం బాగుపడినట్లే. మిగిలిన సగం వాషర్లది. పాత పంపులలో పిస్టన్ చుట్టూ నూనె కారకుండా గిన్నె ఆకారపు తోలు వాషర్లు ఉండేవి. ఎండి బిగుసుకుపోయిన తోలు సిలిండరు గోడను ఒరుసుకోదు. పీడనం ఆ సందులో నుండి జారిపోతుంది. పాత వాషరు కొలత తీసుకొని, అదే మందం గల తోలును తడిపి, అచ్చులో నొక్కి ఆరబెట్టి, నూనెలో నానబెట్టి కొత్తది చేసుకోవచ్చు. తరువాతి కాలపు కుర్చీలలో తోలుకు బదులు రబ్బరు వచ్చింది. ఇక నూనె విషయం. మోటారు బండికి వాడే చిక్కని నూనె పోస్తే కుర్చీ చలికాలంలో దిగడానికి మొరాయిస్తుంది. బ్రేకు ద్రవం పోస్తే అది చిందినచోట రంగును తినివేస్తుంది. పలుచని హైడ్రాలిక్ నూనెను, పాత నూనె ఎంత పట్టిందో అంతే కొలతతో పోయడం క్షేమం. ఎవరి కంటికీ కనబడని ఈ భాగంలో మాత్రం పాతదనం మీద మమకారం పనికిరాదు. ఈ కుర్చీలో మళ్ళీ ఒక మనిషి తల వాల్చి కూర్చుంటాడు. అతని కంఠం దగ్గర కత్తి ఉంటుంది. ఆ క్షణంలో కుర్చీ జారరాదు.

పైకి కనబడే లోహం దగ్గరే అసలు వివాదం మొదలవుతుంది. పూత లేని ఇనుప భాగాలకు తుప్పు వదిలించడానికి ఒక మంచి పద్ధతి ఉంది. బట్టల సోడా కలిపిన నీటిలో ఆ భాగాన్ని ముంచి, తక్కువ వోల్టేజి గల ఏకముఖ విద్యుత్తు ఋణధ్రువానికి కలుపుతారు. ధనధ్రువానికి మామూలు ఇనుప పలకను తగిలిస్తారు. కొన్ని గంటలలో తుప్పు వదులై, బ్రష్‌తో రుద్దితే ఊడివస్తుంది. హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కనుక ఆరుబయటనే ఈ పని చేయాలి. ఇనుప పలకకు బదులు స్టెయిన్‌లెస్ స్టీలు వాడితే విషపూరితమైన క్రోమియం లవణాలు నీటిలో చేరతాయి. నికెల్ పూత ఉన్న భాగాలను మాత్రం ఇందులో ముంచరాదు, ఆ పూత లేచిపోవచ్చు. వాటిని మెత్తని గుడ్డతో, మృదువైన పాలిష్‌తో తుడిచి ఊరుకోవడం మేలు. పూత పూర్తిగా పోయి ఇనుము గుంటలు పడితే కొత్త పూత తప్పదు. పాత పూతను తీసి, పాలిష్ చక్రం మీద నునుపు చేసి, ముందు రాగి, దాని మీద నికెల్ వేస్తారు. అపాయం ఆ చక్రం దగ్గరే పొంచి ఉంటుంది. క్షణం ఆదమరిస్తే కాళ్ళపీట మీది అక్షరాలు, లతల నగిషీ అరిగి చదునైపోతాయి. ఎంత మంచి నికెల్ వేసినా అరిగిన అక్షరం తిరిగి రాదు. 1905 నాటి కుర్చీకి నికెల్ తీసి తళతళలాడే క్రోమియం వేయించడం కొందరికి ముచ్చట. నన్నయ పద్యంలో నేటి సినిమా మాట చేర్చినట్లుంటుందది.

పింగాణీ పూత సంగతి మరింత క్లిష్టం. అది రంగు కాదు. గాజు పొడిని ఇనుము మీద చల్లి, సుమారు 800 డిగ్రీల సెల్సియస్ వేడిలో కరిగించి పట్టించిన పొర. దెబ్బ తగిలితే గాజులాగే పెచ్చు ఊడుతుంది. ఆ పెచ్చును ఇంట్లో అతికించే ఉపాయం లేదు. పూత మొత్తం తీసి మళ్ళీ కొలిమిలో పెట్టడం ఒక మార్గం. కాని నూరేళ్ళ పోత ఇనుము ఆ వేడికి పగిలిపోవచ్చు. పగిలితే ఇక ఆ పీఠం లేనట్లే. ఎపాక్సీతో గుంటను పూడ్చి, రంగు కలిపి సరిచేయడం రెండవ మార్గం. పెచ్చును అలాగే ఉంచి, తుప్పు ముదరకుండా మైనం రాయడం మూడవది. నేనైతే మూడవదానికే ఓటు వేస్తాను. పాత రంగులలో సీసం ఉండే అవకాశం ఉంది కనుక, వాటిని పొడిగా ఉప్పుకాగితంతో రుద్ది ఆ ధూళిని పీల్చడం ప్రమాదకరం. తడిపి గీకడం, ముఖానికి తగిన తొడుగు వేసుకోవడం, పిల్లలను దూరంగా ఉంచడం తప్పనిసరి.

కర్ర చట్రం గల కుర్చీలలో మన దేశానికి ఒక చుట్టరికం కనిపిస్తుంది. పందొమ్మిదవ శతాబ్దపు అమెరికా కర్రసామానుకు లక్క పాలిష్ విరివిగా వాడేవారు. ఆ లక్కలో అధికభాగం భారతదేశపు అడవులలో లక్కపురుగులు కొమ్మల మీద కట్టిన గూళ్ళ నుండి తీసి, మీర్జాపూర్ వంటి చోట్ల శుద్ధి చేసి, కలకత్తా రేవు నుండి ఎగుమతి చేసినదే. కుర్చీ మీద ఉన్నది లక్కేనా అని తెలుసుకోవడానికి, కనబడని మూల ఒక చుక్క స్పిరిట్ రాస్తారు. జిగురుగా మెత్తబడితే లక్క. అలా అయితే పాత పొరను గీకివేయనక్కరలేదు. స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో పైపైన నడిపితే ఆ లక్కే కరిగి, గీతలు పూడి, మళ్ళీ ఆరి నునుపుదేరుతుంది. భారతంలోని లక్క ఇంటి కథ తెలిసినవారికి లక్క మంటకు ఎంత తేలికగా లొంగుతుందో చెప్పనవసరం లేదు. స్పిరిట్ కూడా తోడవుతుంది కనుక దీపం దగ్గర ఈ పని చేయరాదు. కీళ్ళు వదులైతే ఆనాటి జంతుబంకనే తిరిగి వాడడం మంచిది. వేడికి, తడికి అది వదులుతుంది కాబట్టి, మరో యాభై ఏళ్ళకు బాగుచేయబోయేవాడు కర్రను విరగగొట్టకుండా విడదీయగలుగుతాడు.

మెత్తలు విప్పడం తవ్వకాల పని వంటిది. పై రెక్సిన్ క్రింద మరొక రెక్సిన్, దాని క్రింద అసలు తోలు, దాని లోపల గుర్రపు వెంట్రుకలు, గోనెపట్టీలు, స్ప్రింగులు బయటపడతాయి. గుర్రపు వెంట్రుకలను కడిగి, ఆరబెట్టి, చిక్కు విడదీస్తే మళ్ళీ పనికివస్తాయి. పాత తోలును పారవేయక, దానినే కొలతగా పెట్టుకొని కొత్త తోలు కత్తిరిస్తారు.

ఇక మొదట చెప్పిన వేధించే ప్రశ్నకు వద్దాం. ఎంతవరకు బాగుచేయాలి? మా తాతగారి వ్రాతబల్లను ఒకసారి పాలిష్‌కు ఇచ్చాను. వారం తరువాత అది అద్దంలా మెరుస్తూ వచ్చింది. ఆయన ముప్పై ఏళ్ళు మణికట్టు ఆనించిన చోట పడిన పల్లం, సిరాబుడ్డి మరక రెండూ లేవు. పనివానిని తప్పు పట్టలేను. ఏది ఉంచాలో నేను చెప్పలేదు. కుర్చీ పీఠం మీద ఒకవైపు మాత్రమే పూత అరిగి ఉంటే, అక్కడ ఒక క్షురకుడు ఏళ్ళ తరబడి పాదం ఆనించి నిలబడ్డాడని అర్థం. ప్రక్కనున్న కొక్కెం తోలుపట్టా లాగుడుకు వంగి ఉంటే అది అతని చేతివాటానికి సాక్ష్యం. పేరైనా మిగలని ఆ పనివాని జీవితానికి అంతకుమించిన వ్రాతప్రతి లేదు. 1964లో వెనిస్‌లో సమావేశమైన కట్టడాల సంరక్షకులు, ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగిపోవాలని తీర్మానించారు. వారు చెప్పినది రాతి కట్టడాలకే అయినా, కుర్చీకి కూడా అది చెల్లుతుంది. 1957 అక్టోబరు 25న న్యూయార్క్‌లోని ఒక హోటలు క్షౌరశాలలో ఆల్బర్ట్ అనస్తేషియా అనే నేరముఠా నాయకుడిని హంతకులు కాల్చిచంపారు. ఆనాటి కుర్చీ ఇప్పుడు లాస్ వేగాస్‌లోని మాబ్ మ్యూజియంలో ఉంది. దానికి కొత్త తోలు, కొత్త పూత వేయించి నిలబెడితే చూడడానికి ఎవరు వెళతారు? అయితే దుకాణంలో రోజూ పనిచేయవలసిన కుర్చీకి చిరిగిన తోలును ఉంచుకోమని చెప్పడం కూడా న్యాయం కాదు. అక్కడ కూర్చునేవారి శుభ్రత, భద్రత ముందు, చరిత్ర తరువాత. రెండింటికీ నడుమ గీత ఎక్కడ గీయాలన్నది ప్రతి కుర్చీకీ విడిగా తేల్చుకోవలసినదే.

అన్ని భాగాలూ సిద్ధమైన తరువాత, విప్పిన వరుసకు వ్యతిరేక క్రమంలో బిగిస్తారు. నూనె పోసి, మీటను పలుమార్లు ఆడించి లోపలి గాలిని బయటకు పంపుతారు. కుర్చీని పూర్తి ఎత్తుకు లేపి, దాని మీద రెండు బియ్యపు బస్తాలంత బరువు పెట్టి, పిస్టన్ మీద పెన్సిలుతో సన్నని గీత గీసి రాత్రంతా వదిలివేస్తారు. తెల్లవారి చూసినప్పుడు గీత పీఠంలోకి కుంగి ఉంటే కవాటమో వాషరో ఇంకా కారుతున్నట్లే. అప్పుడు మళ్ళీ విప్పవలసిందే. గీత గీసినచోటనే ఉంటే బరువు దించి, నూనె చేతులు తుడుచుకొని, తల ఆనే దిండు మీదికి కొత్త కాగితపు చుట్టను అమరుస్తారు.